ఔట్‌బ్యాక్ డిటెక్టివ్ నవలలు చదవడం ఎలా? బోనీతో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

డిటెక్టివ్ నవల అనగానే మనకు నగరమే గుర్తొస్తుంది. లండన్ వీధులు, టాక్సీలు, హోటల్ గదులు, ఫోన్ కాల్స్. మద్రాసులో కారు వేసుకుని తిరిగే యుగంధర్‌ని చదివి పెరిగినవాళ్లకు కూడా అంతే. ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాన్ని అక్కడివాళ్లు ఔట్‌బ్యాక్ అంటారు. అక్కడ నడిచే డిటెక్టివ్ కథ వేరే దారిలో పోతుంది. పొరుగు ఇల్లు యాభై మైళ్ల అవతల ఉంటుంది. మనిషి కనిపించకుండా పోయిన సంగతి పోలీసులకు చేరేసరికి వారాలు గడిచిపోతాయి. చూసినవాళ్లు ఎవరూ ఉండరు. ఇసుక, గాలి, చీమలు, కాకులు, ఎండిపోతున్న చెరువు, ఇవే సాక్షులు.

ఈ కోవకు పునాది వేసిన రచయిత ఆర్థర్ అప్‌ఫీల్డ్. 1890లో ఇంగ్లండ్‌లోని గోస్పోర్ట్‌లో పుట్టారు. కుర్రతనంలోనే ఆస్ట్రేలియా వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీలోని గలిపోలీలో పనిచేశారు. తర్వాత మళ్లీ ఆస్ట్రేలియా వచ్చి గొర్రెల క్షేత్రాల్లో, కంచెల వెంట ఏళ్ల తరబడి కూలిపని చేశారు. 1964లో చనిపోయారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ పేరు నెపోలియన్ బోనపార్ట్, అందరూ పిలిచేది బోనీ అని. బోనీ నవలలు మొత్తం 29. ఈ మార్గదర్శి వాటిని మొదటిసారి పట్టుకునేవారి కోసం.

ఒక్క సూత్రం మాత్రం ముందే చెప్పాలి. మామూలు డిటెక్టివ్ నవలలో ప్రకృతి వర్ణన వస్తే రెండు పేరాలు దాటేసి సంభాషణల దగ్గరికి వెళ్లే అలవాటు చాలామందికి ఉంటుంది. ఇక్కడ ఆ పని చేయకండి. ఆధారాలన్నీ ఆ వర్ణనలోనే ఉంటాయి.

మొదటి మెట్టు: సరైన నవల ఎంచుకోండి

వరుసలో చదవాల్సిన పని లేదు. ఏ కథకు ఆ కథ విడిగా నిలబడుతుంది. బోనీ తొలిసారి కనిపించిన ‘ది బరాకీ మిస్టరీ’ 1929లో వచ్చింది, కానీ దానితో మొదలుపెట్టమని నేను చెప్పను. అందులో రచయిత చేయి ఇంకా కుదురుకోలేదు. జాతి గురించిన మాటలు కూడా ఆ నవలలో బాగా గుచ్చుకుంటాయి.

నా ఓటు 1954లో వచ్చిన ‘డెత్ ఆఫ్ ఎ లేక్’కు. లాటరీలో 12,500 పౌండ్లు గెలిచిన ఒక యువకుడు చెరువు పక్కనున్న పశువుల మకాంలో పనికి చేరతాడు. ఒక రాత్రి ఈతకు వెళ్లి తిరిగి రాడు. శవం దొరకలేదు, డబ్బూ దొరకలేదు. ఏడాది పైన గడిచాక, వర్షాలు లేక ఆ చెరువు ఎండిపోవడం మొదలవుతుంది. అడుగున ఏముందో బయటపడే రోజు కోసం అక్కడున్న ప్రతి ఒక్కరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ కాచుకుని ఉంటారు. అప్పుడే బోనీ గుర్రాలను మచ్చిక చేసే పనివాడిగా వచ్చి చేరతాడు. నీళ్లు అంగుళం అంగుళం తగ్గుతుంటే మన టెన్షన్ పెరుగుతుంది. ప్రకృతే కథను ముందుకు నడపడం అంటే ఏమిటో ఈ ఒక్క నవలతో తెలిసిపోతుంది.

కాస్త తేలికగా, సరదా పాళ్లతో కావాలంటే 1945 నాటి ‘డెత్ ఆఫ్ ఎ స్వాగ్‌మన్’ పట్టుకోండి. ఆదివాసుల నమ్మకాలు కథలోకి బలంగా వచ్చే నవల కావాలంటే 1938 నాటి ‘ది బోన్ ఈజ్ పాయింటెడ్’ ఉంది. కాకపోతే దాన్ని రెండోదిగానో మూడోదిగానో చదవండి. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

రెండో మెట్టు: పటం, ఎండ, వాన లెక్కలు సరిచూసుకోండి

పుస్తకం పక్కన ఆస్ట్రేలియా పటం ఉంచుకోండి. ఫోన్‌లో ఉన్నా చాలు. అప్‌ఫీల్డ్ చాలాచోట్ల ఊళ్లకు కల్పిత పేర్లు పెట్టినా, నేల మాత్రం నిజమైనది. ‘స్వాగ్‌మన్’ కథలో వచ్చే ‘వాల్స్ ఆఫ్ చైనా’ ఇసుక గోడలు న్యూ సౌత్ వేల్స్‌లో ముంగో దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. 1962 నాటి ‘ది విల్ ఆఫ్ ది ట్రైబ్’లో శవం దొరికేది ఉల్కాపాతంతో ఏర్పడిన పెద్ద గుంటలో. పశ్చిమ ఆస్ట్రేలియాలోని వుల్ఫ్ క్రీక్ దగ్గరున్న అసలు గుంటే దానికి మూలం. అప్‌ఫీల్డ్ 1948లో ఒక భౌగోళిక యాత్రకు నాయకత్వం వహించి అక్కడికి వెళ్లి వచ్చారు. ఉపగ్రహ చిత్రంలో ఆ గుంటను ఒకసారి చూసి చదవడం మొదలుపెడితే, శవం అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న బరువు వెంటనే అర్థమవుతుంది.

దూరాల సంగతి. ఈ నవలల్లో స్టేషన్ అంటే గొర్రెలను, పశువులను పెంచే క్షేత్రం. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ విస్తీర్ణం 23 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే పెద్దది, అదంతా ఒకే యజమాన్యం కింద. కథల్లో వచ్చేవి ఇంత పెద్దవి కాకపోవచ్చు. అయినా ‘పక్క స్టేషన్‌కి వెళ్లొచ్చాడు’ అని రాస్తే, అది పొద్దున బయల్దేరి రాత్రికి చేరే ప్రయాణం కావచ్చు.

ఎండ దిశ కూడా ముఖ్యం. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మండు వేసవి. క్రిస్మస్ అనగానే చలి ఊహించుకుంటే ఆధారం చేజారుతుంది. వానను పాయింట్లలో చెబుతారు. నూరు పాయింట్లు ఒక అంగుళం. ‘పది పాయింట్లు పడింది’ అంటే నేల తడిసీ తడవనట్టు. పాత అడుగుజాడలను ఆ వాన చెరిపిందా, లేక వాటి అంచులను గట్టిపరిచిందా అన్నది మీరు ఆలోచించాలి. డబ్బు పౌండ్లు, షిల్లింగుల్లో ఉంటుంది. 1966 దాకా అక్కడ అదే చెలామణి.

మూడో మెట్టు: ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోండి

ఈ కథల్లో ఎవరెప్పుడు ఎక్కడున్నారన్నది వాళ్లు చేసే పనిని బట్టి తేలుతుంది. అందుకే పనివాళ్ల వరుస తెలిసి ఉండాలి. హోమ్‌స్టెడ్ అంటే యజమాని లేదా మేనేజర్ ఉండే పెద్ద ఇల్లు. జాకరూ అంటే పెత్తనం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు, సాధారణంగా డబ్బున్న కుటుంబం నుంచి. మిగతా కూలీలతో కాకుండా యజమానితో భోంచేస్తాడు. బౌండరీ రైడర్ కంచె వెంట రోజుల తరబడి ఒంటరిగా తిరుగుతూ తెగిన తీగలు బాగుచేసేవాడు. స్వాగ్‌మన్ దుప్పటి చుట్ట భుజాన వేసుకుని పని వెతుక్కుంటూ నడిచేవాడు. ఇక వంటవాడు. ఇతన్ని తక్కువ అంచనా వేయకండి. ఎవరు భోజనానికి రాలేదో, ఎవరు రొట్టె మూటగట్టుకుని వెళ్లారో అతనికే తెలుస్తుంది.

కబురు ఎలా పోతుందో కూడా గమనించండి. చాలా స్టేషన్లను ఒకే టెలిఫోన్ తీగ కలుపుతుంది. ఒకరు మాట్లాడితే పదిమంది వినొచ్చు. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్లతో తొక్కి నడిపే రేడియో తయారుచేశాక మారుమూల ఇళ్లకు కూడా రేడియో మాట చేరింది. అదీ అందరూ వినేదే. కాబట్టి ‘ఈ సంగతి హంతకుడికి ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు జవాబు తరచూ ఆ తీగలోనే ఉంటుంది.

నాలుగో మెట్టు: నేలను చదవండి

అసలు విషయం ఇదే. దీని కోసం ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి అధ్యాయం అయ్యాక మూడు సంగతులు రాయండి: గాలి, వాన ఎప్పుడు వచ్చాయి, జంతువులు, పక్షులు, పురుగులు ఏం చేస్తున్నాయి, ఆ నేల మీదుగా ఎవరు నడిచారని చెబుతున్నారు. నేను రెండు, మూడు నవలలు ఇలా చదివాక మిగతావి వేరే కంటితో చూడగలిగాను.

గాలితో మొదలుపెడదాం. ఇసుక తిన్నెల మీద ఒక్క గాలిరోజు చాలు, అన్ని జాడలూ పోతాయి. అందుకే ఔట్‌బ్యాక్ హంతకుడు గాలి కోసం కాచుకుంటాడు. 1937లో వచ్చిన ‘విండ్స్ ఆఫ్ ఈవిల్’లో హత్యలు దుమ్ము తుఫాను లేచిన రాత్రులే జరుగుతాయి. అయితే గాలి అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. చెట్టు మాటున, పొద వెనక, గుడిసె గోడ పక్కన జాడ మిగులుతుంది. బోనీ వెతికేది అక్కడ. పాత్ర ఏ చెట్టు కింద ఆగిందో, ఏ పక్కన కూర్చుందో రచయిత చెబితే అది ఊరికే చెప్పింది కాదు.

తర్వాత క్లేపాన్లు. ఇవి గట్టి బంకమట్టి పరిచినట్టుండే చదునైన పల్లాలు. ఎండినప్పుడు గుర్రం నడిచినా గుర్తు పడదు. తడిగా ఉన్నప్పుడు ఎవరైనా నడిస్తే, ఆ జాడ ఎండి నెలల తరబడి అలాగే నిలుస్తుంది. అంటే క్లేపాన్ మీద అడుగు కనిపిస్తే అది ఎప్పుడు పడిందో చెప్పొచ్చు: చివరిసారి వాన కురిసిన రోజుల్లో. మీ నోట్‌బుక్‌లో వాన తేదీ రాసుకున్నది ఇందుకే.

చీమలు, పురుగులు గడియారం లాంటివి. రాత్రిపూట తిరిగే పురుగుల సన్నని గీతలు అడుగుజాడ మీద ఉంటే, ఆ అడుగు రాత్రి పడకముందే పడింది. గీతల మీద అడుగు ఉంటే తెల్లవారాక పడింది. నిజమైన ఆదివాసీ ట్రాకర్లు, అంటే జాడలు తీసేవాళ్లు, వాడిన లెక్క ఇదే. కాకులు, గద్దలు ఒకచోట చుట్టూ తిరుగుతుంటే కింద ఏదో చచ్చి ఉంది, లేదా చావబోతోంది. గలా చిలుకల గుంపు సాయంత్రం ఏ దిక్కుకు ఎగురుతుందో చూస్తే నీళ్లు ఎటున్నాయో తెలుస్తుంది.

నదుల తీరు మనకు కొత్తగా ఉంటుంది. ఉత్తరాన ఉన్న క్వీన్స్‌లాండ్‌లో కురిసిన వాన నెమ్మదిగా పారి, వందల మైళ్ల కింద ఉన్న ఎండిన వాగుల్లోకి వారాల తర్వాత చేరుతుంది. పైన ఆకాశం తేటగా ఉంటుంది, కాళ్ల కింద వరద పెరుగుతుంది. 1963 నాటి ‘మ్యాడ్‌మన్స్ బెండ్’లో డార్లింగ్ నది అలాగే పొంగుతూ వస్తుంది, సాక్ష్యాలను ముంచేలోపు బోనీ వాటిని పట్టుకోవాలి. వరద ఎన్ని రోజుల్లో చేరుతుందని పాత్రలు మాట్లాడుకుంటే ఆ అంకె రాసిపెట్టుకోండి.

ఫొటోల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బోనీ కథల్లో పోలీసులు తీసిన ఫొటో తరచూ మొదటి ఆధారం అవుతుంది, ఎందుకంటే ఫొటో తీసినవాళ్లు చూడనిది అతను చూస్తాడు. ‘ది సాండ్స్ ఆఫ్ విండీ’లో వదిలేసిన కారు ఫొటోలో ఆదివాసుల సంకేతం ఒకటి అతని కంట పడుతుంది. ‘స్వాగ్‌మన్’లో గుడిసె తలుపు మీద సుద్దతో గీసిన సున్నాలు, ఇంటూల ఆట. ఇవి కథ మొదట్లోనే వస్తాయి కాబట్టి చెప్పినా నష్టం లేదు.

ఐదో మెట్టు: మర్చిసన్ కేసు తెలుసుకోండి

‘ది సాండ్స్ ఆఫ్ విండీ’ 1931లో వచ్చింది. దాన్ని చదివాక, చదవకముందు మాత్రం కాదు, ఈ నిజమైన కేసు గురించి తెలుసుకోవాలి. కల్పన, వాస్తవం ఇంత భయంకరంగా పెనవేసుకున్న సందర్భం నాకు తెలిసి డిటెక్టివ్ సాహిత్యంలో మరొకటి లేదు. నవల ఇంకా చదవనివాళ్లు నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి.

1929లో అప్‌ఫీల్డ్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ప్రాంతంలో ఒకటో నంబరు కుందేళ్ల కంచె మీద పనిచేస్తున్నారు. కుందేళ్లు పశ్చిమానికి రాకుండా 1901 నుంచి 1907 దాకా కట్టిన ఆ కంచె పొడవు 1,833 కిలోమీటర్లు. కొత్త నవలకు ఆయనకో చిక్కు వచ్చింది. శవం ఆనవాలు కూడా లేకుండా హత్య జరగాలి, అది ఎలా? జార్జ్ రిచీ అనే తోటి పనివాడు మార్గం చెప్పాడు. శవాన్ని జంతు కళేబరంతో కలిపి కాల్చాలి, బూడిద జల్లెడ పట్టి లోహపు ముక్కలు తీసి యాసిడ్‌లో కరిగించాలి, మిగిలిన ఎముకలను దంచి పొడిచేయాలి. పథకం మరీ పకడ్బందీగా ఉంది. దాన్ని బోనీ ఛేదించాలంటే అందులో ఎక్కడో లోపం ఉండాలి. ఆ లోపం కనిపెడితే ఒక పౌండు ఇస్తానని అప్‌ఫీల్డ్ రిచీతో అన్నారు. ఈ సంగతి కంచె మీద పనిచేసేవాళ్ల మధ్య చర్చగా మారింది. అది విన్నవాళ్లలో స్నోయీ రౌల్స్ అనే యువకుడు ఒకడు.

ఆ డిసెంబర్‌లో జేమ్స్ ర్యాన్, జార్జ్ లాయిడ్ కనిపించకుండా పోయారు. 1930 మే నెలలో లూయీ క్యారన్ మాయమయ్యాడు. ముగ్గురూ చివరిసారి కనిపించింది రౌల్స్‌తోనే. పోలీసులు కంచె పక్కనున్న ఒక గుడిసె దగ్గర బూడిదలో వెతికితే ఎముకల ముక్కలు, పళ్లు, ఒక పెళ్లి ఉంగరం దొరికాయి. ఆ ఉంగరానికి మరమ్మతు చేసినప్పుడు తక్కువ క్యారెట్ బంగారంతో అతికారు. న్యూజిలాండ్‌లోని నగల వ్యాపారి ఆ అతుకును గుర్తుపట్టి, ఉంగరం క్యారన్‌దేనని చెప్పాడు. రౌల్స్ పథకం చివరి అంచెలు పాటించలేదు, అదే అతన్ని పట్టించింది. విచారణలో అప్‌ఫీల్డ్ సాక్ష్యం చెప్పారు. 1932 జూన్‌లో ఫ్రీమాంటిల్ జైలులో రౌల్స్‌ను ఉరితీశారు.

నవలను తర్వాత మళ్లీ తిరగేస్తే, కథలోని బూడిద చుట్టూ మరో బూడిద కనిపిస్తుంది. చనిపోయింది ముగ్గురు నిజమైన మనుషులు. దీన్ని ‘సరదా విశేషం’గా చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఆరో మెట్టు: బోనీని రెండు కళ్లతో చూడండి

బోనీ తల్లి ఆదివాసీ, తండ్రి తెల్లవాడు. పసివాడిగా చనిపోయిన తల్లి పక్కన దొరికితే క్రైస్తవ మిషన్‌లో పెంచారు. నెపోలియన్ గురించిన పుస్తకాన్ని నోట్లో పెట్టుకుని నములుతుంటే ఆ పేరు పెట్టారని కథ. యూనివర్సిటీలో ఎం.ఎ. చేశాడు, క్వీన్స్‌లాండ్ పోలీసు శాఖలో పనిచేస్తాడు. భార్య మేరీ, ముగ్గురు కొడుకులు. పై అధికారి కర్నల్ స్పెండర్ వెనక్కి రమ్మంటే రాడు, కేసు తేలేదాకా కదలడు. ఒక్క కేసులో కూడా ఓడిపోలేదన్నది అతని గర్వం, అతని భయం కూడా. ఓడిపోతే తన పుట్టుక కారణంగా సమాజం తనను ఒక్క క్షణంలో కిందికి తోసేస్తుందని అతనికి తెలుసు. ఈ పాత్రలో నన్ను పట్టి ఉంచేది ఈ భయమే.

లియోన్ వుడ్ అనే ట్రాకర్ ఈ పాత్రకు మూలమని అప్‌ఫీల్డ్ చెప్పేవారు. 1920లలో, 30లలో ఒక ఆదివాసీ సంతతి మనిషిని అందరికంటే తెలివైనవాడిగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. అమెరికాలో నవహో తెగ పోలీసుల కథలు రాసిన టోనీ హిల్లర్‌మన్ తనకు దారి చూపింది అప్‌ఫీల్డేనని చెప్పుకున్నారు.

రెండో కన్ను కూడా తెరిచి ఉంచాలి. ఒక మనిషిలో ‘తెల్ల రక్తం’, ‘నల్ల రక్తం’ పోట్లాడుకుంటాయన్నట్టు ఈ నవలలు మాటిమాటికీ రాస్తాయి. తెలివి ఒక రక్తానిదట, వాసన పట్టడం ఇంకో రక్తానిదట. ఇది తప్పు, హానికరం కూడా. అదే కాలంలో ఆస్ట్రేలియా ప్రభుత్వాలు మిశ్రమ సంతతి పిల్లలను తల్లుల దగ్గర్నుంచి లాక్కుని సంస్థల్లో పెట్టేవి. దానికి ఆ దేశ పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008లో. మిషన్‌లో పెరిగిన బోనీ బాల్యాన్ని రచయిత అదృష్టంగా చూపిస్తారు. ఈ చరిత్ర తెలిసి చదివితే అది అంత సుఖమైన కథగా అనిపించదు. ‘ది బోన్ ఈజ్ పాయింటెడ్’లో ఎముక చూపించి మనిషిని చావుకు గురిచేసే మంత్రతంతు వస్తుంది. కథగా అది ఒళ్లు జలదరించేలా ఉంటుంది. కానీ ఆదివాసీ జీవితం గురించి సమాచారం కోసం ఈ పుస్తకాల మీద ఆధారపడకండి. బయటివాడు రాసిన కథ అది.

జాడలు తీయడం రక్తంలో పుట్టే విద్య కాదు, చిన్నప్పటి నుంచి పెద్దల వెంట తిరిగి నేర్చుకున్న చదువు. న్యూ సౌత్ వేల్స్‌లోని డబ్బోలో అలెక్ రైలీ అనే ట్రాకర్ దశాబ్దాల పాటు పోలీసు శాఖలో పనిచేసి సార్జెంట్ అయ్యారు. ఇలాంటి నిజమైన మనుషుల జీవితాలు బోనీతో పాటే చదవండి.

టీవీ సీరియల్ చూడాలనుకునేవారికి ఒక మాట: 1972లో మొదలైన సీరియల్‌లో బోనీగా వేసింది తెల్లజాతి న్యూజిలాండ్ నటుడు, ముఖానికి రంగు పూసుకుని. దానికంటే 2013లో ఆదివాసీ దర్శకుడు ఇవాన్ సెన్ తీసిన ‘మిస్టరీ రోడ్’ సినిమా చూడండి. ఆదివాసీ డిటెక్టివ్‌గా ఆరన్ పెడర్సన్ నటించారు.

ఏడో మెట్టు: మీరే ఛేదించి చూడండి

మూడింట రెండు వంతులు అయ్యాక పుస్తకం మూసేయండి. నోట్‌బుక్ తీసి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ నేల మీద శవాన్ని దాచడానికి ఎవరికి సమయం దొరికింది? నీళ్లు, గుర్రం లేదా వాహనం ఎవరి చేతిలో ఉన్నాయి? జాడ చెరిపిన గాలి గానీ వాన గానీ వస్తుందని ఎవరికి ముందే తెలుసు? ఎవరి పని వాళ్లను ఆ చోటికి ఎవరూ అనుమానించకుండా తీసుకెళ్తుంది? ఉద్దేశం గురించి చివర ఆలోచించండి. అప్‌ఫీల్డ్ ఉద్దేశాలను కొన్నిసార్లు ఆఖర్లో బయటపెడతారు, అవి అంత బలంగా ఉండవు కూడా. భౌతికమైన ఆధారాలు మాత్రం చాలావరకు మన కళ్ల ముందే పెడతారు. ఆడ పాత్రల చిత్రణలో కూడా ఆయన తడబడతారు. నేల మీదికి చూపు రాగానే మళ్లీ కుదురుకుంటారు.

ఎనిమిదో మెట్టు: తెలుగులోకి తేవాలనుకుంటే

భారతదేశంలో రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. ఆ లెక్కన అప్‌ఫీల్డ్ జీవితకాలంలో వచ్చిన నవలలకు ఇక్కడ 2024 చివరితో గడువు తీరింది. 1966లో, ఆయన పోయాక వేరేవాళ్లు పూర్తిచేయగా వచ్చిన ‘ది లేక్ ఫ్రోమ్ మాన్‌స్టర్’ లెక్క వేరు. ఆస్ట్రేలియాలో కాపీరైట్ 70 ఏళ్లు కాబట్టి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్న తెలుగువాళ్లు అక్కడ ప్రచురించాలంటే అనుమతి తీసుకోవాల్సిందే.

అనువదించేవాళ్లు ముందు ఒక వర్ణన పేరా తీసుకుని ప్రయత్నించండి, సంభాషణ కాదు. మల్గా, సాల్ట్‌బుష్, స్పినిఫెక్స్ లాంటి మొక్కల పేర్లు అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు అది చెట్టో పొదో గడ్డో ఒక్క మాటలో చెప్పండి. మైళ్లను కిలోమీటర్లలోకి మార్చకండి, పాత్రలు లెక్క వేసుకునేది మైళ్లలోనే. రక్తం గురించిన మాటలను మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు ఇచ్చి, ముందుమాటలో ఆ కాలం చట్టాల గురించి రెండు పేజీలు రాయండి. మొదటి ప్రయత్నానికి ‘డెత్ ఆఫ్ ఎ లేక్’ బాగుంటుంది. పాత్రలు తక్కువ, కథంతా దాదాపు ఒకేచోట, ఎండిన చెరువు అంటే ఏమిటో మన పాఠకులకు వివరించాల్సిన అవసరమూ లేదు.